మాధురి నడక, హుస్సేన్ కుంచె

మక్బూల్ ఫిదా హుస్సేన్ (1915–2011) మాధురీ దీక్షిత్ బొమ్మల పరంపర మొదలుపెట్టేనాటికి ఎనభయ్యో పడికి చేరువలో ఉన్నారు. అందుకు కారణం 1994లో వచ్చిన ‘హమ్ ఆప్కే హై కౌన్’. తెలుగువాళ్లు ‘ప్రేమాలయం’గా చూసిన సినిమా అదే. దేశంలోకెల్లా పేరున్న చిత్రకారుడు ఆ సినిమాను పదులసార్లు చూసి, తారను కాన్వాసు మీదికి తెచ్చుకున్నారు. ముసలితనపు మోజుగా దీన్ని కొట్టిపారేసినవాళ్లున్నారు. కానీ దీని వేళ్లు అరవై ఏళ్ల వెనక, బొంబాయి వీధుల్లో ఉన్నాయి.

పండరీపురంలో పుట్టి ఇండోర్‌లో పెరిగిన హుస్సేన్ 1930లలో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నారు. కూలి చదరపు అడుగుకు కొన్ని అణాలు. చిన్న ఫొటో మీద గళ్లు గీయాలి, అవే గళ్లను మనిషి ఎత్తుకు మించిన బట్ట మీద పెద్దవి చేసుకోవాలి, ఒక్కో గడినీ నింపుకుంటూ పోవాలి. దగ్గర నిలబడి చూస్తే కనుబొమ్మ ఒక నల్లటి చార, చెంప ఒక గులాబీ మరక. రోడ్డుకు అవతల నుంచి చూసినప్పుడే అది హీరోయిన్ అవుతుంది. పోలిక తప్పితే ఆ బొమ్మ పనికిరాదు. ఒక్క ఊపులో సాగే ఆయన పొడవాటి గీతకు ఈ పనే బడి.

మాధురి బొమ్మల్లో మాత్రం ఆయన పట్టుకున్నది ముఖాన్ని కాదు, ఒంటి కదలికను. నడుము వంపు, అడుగు వేసే తీరు, వెనుదిరిగిన భంగిమ కనిపిస్తే చాలనుకున్నారు. హుస్సేన్ ఏడాదిన్నర పసివాడిగా ఉన్నప్పుడే తల్లి జైనబ్ పోయింది. ఆమె ముఖం ఆయనకు గుర్తు లేదు. ఆ లోటు వల్లనేమో, ఆయన వేసిన మదర్ థెరిసా చిత్రాల్లో నీలి అంచు తెల్లచీర ఉంటుంది, లోపల ముఖం ఉండదు. పోలిక కోసం కూలి పుచ్చుకున్న చెయ్యి, తాను ఇష్టపడి వేసిన స్త్రీల విషయంలో పోలికను వదిలేసింది. ఈ చిత్రాల అసలు బలం అక్కడే ఉంది.

కుంచెతో తనివి తీరక కెమెరా పట్టారు. అది ఆయనకు కొత్త కాదు. 1967లో తీసిన ‘త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్’ లఘుచిత్రానికి బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ వచ్చింది. 2000లో విడుదలైన ‘గజగామిని’ పేరులోనే నడక ఉంది. అందులో మాధురి బనారస్ అంధురాలు సంగీతగా, శకుంతలగా, మోనాలిసాగా కనిపిస్తుంది. నసీరుద్దీన్ షా లియొనార్డో డావిన్సీ వేషం కట్టారు. సినిమా ఆడలేదు. కథ కోసం వెళ్లినవారికి చిక్కదు, వరుసగా కదిలే కాన్వాసులుగా చూస్తే అందుతుంది.

హైదరాబాద్‌తో హుస్సేన్ బంధం పాతది. సోషలిస్టు నేత రామ్‌మనోహర్ లోహియా ప్రోద్బలంతో, ఈ ఊరి కళాపోషకుడు బద్రీవిశాల్ పిట్టీ అండతో రామాయణ చిత్రాలు ఇక్కడే వేశారు. బంజారాహిల్స్‌లో ‘సినిమా ఘర్’ పేరిట చిత్రశాల కట్టించి, బొమ్మకూ సినిమాకూ ఒకే కప్పు వేశారు. 2004 నాటి ఆయన సినిమా ‘మీనాక్షి’లో హైదరాబాద్ ఒక ముఖ్యపాత్ర, నాయిక ఈ ఊరి టబు. మాధురితో ఆగక, ‘వివాహ్’ సినిమా చూశాక దాని నాయిక అమృతారావునూ చిత్రించారు. అప్పటికి ఆయనకు తొంభై దాటాయి.