తలరాతా, తలకన్నాలూ

బ్రహ్మ రాసిన రాత ఎవరిది వారిదే, ఒకరిది ఇంకొకరికి ఉండదు అనేది మా అమ్మమ్మ. పుర్రె మీద వంకరటింకరగా కనిపించే అతుకులే ఆ రాత అని ఆవిడ నమ్మకం. బి.ఏ. చదివి నవలలు రాసుకునే నేను నవ్వి ఊరుకునేదాన్ని. మొన్న మాదాపూర్‌లో పంటి డాక్టరు కుర్చీలో కూర్చున్నాక ఆ నవ్వు కాస్త తగ్గింది.

కింది దవడకి మత్తుసూది పొడిచారు. పెదవి మొద్దుబారలేదు. ఇంకోటి పొడిచారు. ఊహూఁ! “మీకు భయం ఎక్కువండీ” అని తేల్చేశాడాయన. కళ్ళు తుడుచుకుని లేచి వచ్చేశాను. రెండోచోట ఓ చిన్నమ్మాయి. నన్ను “ఆంటీ” అన్నదన్న కోపం అటుంచితే, మంచి పనిమంతురాలు. ముందు ఎక్స్‌రే చూసి, “మీకు నరం బయటికొచ్చే కన్నం కొంచెం వెనక్కుంది ఆంటీ” అంది. ఒక్క సూదికే పెదవి నాది కాదన్నట్టయింది.

ఊరుకోగలనా? ఆ రాత్రే పుస్తకాలు ముందేసుకున్నాను.

మెదడు నుంచి నేరుగా బయల్దేరే నరాలు 12 జతలు. అవన్నీ పుర్రెలోని కన్నాల గుండానే బయటపడాలి. ఈ లెక్క తేలడానికే పదహారు వందల ఏళ్ళు పట్టింది. రెండో శతాబ్దంలో గేలన్ 7 జతలన్నాడు. 1664లో ఇంగ్లండులో థామస్ విల్లిస్ 9 అన్నాడు. 1778లో జర్మనీలో జోమరింగ్ 12 అని తేల్చాడు. నరాలు ఉన్నచోటే ఉన్నాయి, లెక్కపెట్టేవాళ్ళే మారారు.

గేలన్ ఎక్కువగా కోసి చూసింది కోతుల్నీ, ఇతర జంతువుల్నీ. అయినా పదమూడు వందల ఏళ్ళ పైన ఆయన మాటే వేదం. 1543లో వెసాలియస్ అనే 28 ఏళ్ళ కుర్రవాడు మనిషి శరీరాన్నే కోసి చూసి, పుస్తకం అచ్చువేసి, ఆయన తప్పులు బయటపెట్టాడు. పుర్రె అడుగున వెసాలియస్ పేరుతో ఓ బుల్లి కన్నం ఉంది. అందులోంచి పోయేది నరం కాదు, చిన్న సిర. తమాషా ఏమిటంటే ఆ కన్నం అందరికీ ఉండదు. ఉన్నవాళ్ళలోనూ కొందరికి ఒక పక్కే ఉంటుంది.

అంత దూరం ఎందుకూ, మీ కనుబొమ కింద ఎముక అంచుని, ముక్కువైపుగా, వేలితో తడిమి చూడండి. చిన్న నొక్కు తగలొచ్చు. నుదుటికి స్పర్శనిచ్చే నరం దారి అది. కొందరికి అక్కడ నొక్కుకి బదులు పూర్తి కన్నమే ఉంటుంది. ఒకే మనిషికి కుడివైపు నొక్కూ, ఎడమవైపు కన్నమూ ఉండొచ్చు!

ఇంతకీ నా గొడవ అయిదో నరానిది. దాని కొమ్మ ఒకటి కింది దవడలోని కన్నంలోంచి బయటికొచ్చి, గడ్డానికీ కింది పెదవికీ స్పర్శనిస్తుంది. కోరపన్ను వెనక రెండు చిన్న దవడపళ్ళున్నాయి చూడండి, ఆ రెంటి నడుమ కిందుగా ఆ కన్నం ఉంటుందని తెల్లవాళ్ళ పుర్రెలు చూసి రాసుకున్నారు. మన దేశపు దవడలు కొలిచి చూస్తే, చాలామందికి అది రెండో పన్నుకి సూటిగా కిందనే ఉంది. కొందరికి ఇంకా వెనక. కొందరికి ఒకే పక్క రెండేసి కన్నాలు. హైదరాబాదులో వైద్య పాఠశాల వెలిసింది 1846లో. లండన్‌లో గ్రే అనాటమీ అచ్చయింది 1858లో. మన వైద్య విద్యార్థులు తరతరాలుగా చదివింది అలాంటి పుస్తకాలే.

అన్నట్టు, ఆ రోజు క్లినిక్ నుంచి వస్తుంటే సైబర్ టవర్స్ దగ్గర ఆటో ఆగిపోయింది. 1998లో ఆ భవనం తెరిచాక ఈ చుట్టుపక్కల భూమి కింద ఎన్ని తీగలు చేరాయో! కేబుల్ కోసం రోడ్డు తవ్వుతున్నారు. చేతిలో నక్షా పట్టుకున్న మేస్త్రీ తల గోక్కుంటూ, “కాయితంలో ఈడనే ఉందమ్మా, మట్టిల ఆడ ఉంది” అన్నాడు. అలా అని కేబుల్‌ని తిట్టలేదు. గొయ్యి కాస్త అవతలికి జరిపాడు.

మొదటి డాక్టరుగారూ ఆ పాటి చేసి ఉంటే బాగుండేది. ఆయన చదివిన పటం తప్పు కాదు, అందులో ఉన్నది నా దవడ కాదంతే. నాకు నొప్పెడుతోందన్నది మాత్రం నిజం.

ఇంకో పన్ను కూడా చూపించుకోవాల్సి ఉంది. ఆ అమ్మాయి దగ్గరికే వెళ్తాను. ఆంటీ అన్నా సరే!