కమాను కంటే ముందు ముంగిలి

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పేరు విననివాళ్లకు కూడా, అక్కడ 1919లో పుట్టిన కమిన్స్ ఇంజన్ల పేరు తెలిసే ఉంటుంది. మన లారీ మెకానిక్కులనూ జనరేటర్లు బాగుచేసేవాళ్లనూ అడిగితే చాలు. 1970 ప్రాంతంలో జనాభా ముప్పై వేలు కూడా లేని ఆ ఊరి గ్రంథాలయం ముందు, ఆరుబయట, హెన్రీ మూర్ చేసిన ఇరవై అడుగుల కంచు కమాను నిలబడి ఉంది. అంత పేరున్న శిల్పి పని ఇంత చిన్న ఊరికెలా దక్కిందని అందరూ ఆశ్చర్యపోతారు. దాత దగ్గర డబ్బుంటే అదేమంత వింత కాదు. చరిత్రలో గమనించాల్సింది పనులు జరిగిన వరస. శిల్పం కొని చోటు వెతకలేదు. ముందు చోటు చేసి, ఆ చోటు అడిగిన శిల్పాన్ని తెచ్చారు. ఆ కమాను అక్కడ అంతగా అతకడానికి మూర్ పేరు కంటే ఈ వరసే ఎక్కువ కారణమని నా వాదన.

పాత గ్రంథాలయం చాలక కొత్తది కట్టే పనిని వాస్తుశిల్పి ఐ.ఎం. పెయ్‌కి అప్పగించారు. 1969లో అది తెరుచుకుంది. ఎదురుగా ఎలియెల్ సారినెన్ 1942లో కట్టిన చర్చి, దాని పక్కన 166 అడుగుల గంటగోపురం. ఇటు కమిన్స్‌కు పెట్టుబడి పెట్టిన అర్విన్ కుటుంబం పాత ఇల్లు, దాని తోట. పెయ్ వీటి మధ్య మరో భవనాన్ని ఇరికించి ఊరుకోలేదు. ఒక వీధి ముక్కను మూయించి, గోడలకు వాడిన ఎర్ర ఇటుకనే నేలమీదా పరిపించి, పెద్ద ముంగిలి చేశాడు. అయితే చర్చి, గోపురం, గ్రంథాలయం అన్నీ నిటారు గీతలే, పలకలే. నడుమ ఒక వంపు లేని లోటు స్పష్టంగా కనిపించేది. 1971లో వచ్చిన కమాను పూడ్చింది ఆ లోటునే. మూర్ 1962, 63 ప్రాంతంలో మనిషెత్తు కంటే కొంచెం ఎక్కువగా చేసిన రూపాన్ని, ఎముకనూ మొండేన్నీ ఒకేసారి తలపించేదాన్ని, ఇక్కడికోసం మూడింతలు పెంచాడు. పశ్చిమ బెర్లిన్‌లోని పోతశాలలో సుమారు యాభై ముక్కలుగా పోతపోసి అతికారు. బరువు అయిదున్నర టన్నులు. రెండు కాళ్లూ ఒకలా ఉండవు. ఒంటినిండా పచ్చటి చిలుము రంగు, కింద ఎర్ర ఇటుక. కొత్తగా పెళ్లయిన జంట దాని కిందుగా నడిచి వెళ్లగలగాలని పెయ్ కోరాడని చెప్పుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమైనా, కొలత మనిషి నడకను బట్టి వచ్చిందన్నది చూస్తే తెలుస్తుంది.

మూర్ చేస్తే ఎక్కడైనా ఇలాగే ఉంటుంది కదా అనవచ్చు. ఇదే రూపం లండన్‌లోని కెన్సింగ్టన్ గార్డెన్స్‌లోనూ ఉంది. ఎత్తు కూడా దాదాపు ఇంతే. 1980లో మూర్ దాన్ని రాతిలో చేయించి దేశానికి కానుకగా ఇచ్చాడు. నిలకడ చాలక 1996లో విప్పదీశారు, 2012లో గానీ మళ్లీ నిలబెట్టలేదు. అందమైనదే, కాదనను. కానీ అది నీటి గట్టున ఉంది. దాన్ని ప్రధానంగా అవతలి గట్టునుంచి, చిత్రపటాన్ని చూసినట్టు చూస్తారు. కొలంబస్‌లో పుస్తకం మార్చుకోవడానికి వచ్చినవాడు చూద్దామని అనుకోకుండానే దాని కిందుగా వెళ్లిపోతాడు. చేయి అదే, రూపం అదే. మారింది చోటొక్కటే.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఇదంతా ఒక కంపెనీ పెద్ద ముచ్చట కాదా? కమాను కమిన్స్ అధినేత జె. అర్విన్ మిల్లర్ దంపతుల కానుక. ఊరి బడులూ ప్రభుత్వ కట్టడాలూ పేరున్న వాస్తుశిల్పులతో కట్టిస్తే వాళ్ల ఫీజు కంపెనీ ఫౌండేషన్ ఇస్తుందన్న ఏర్పాటు 1950ల నుంచీ ఉంది. ఆ ఏర్పాటు కింద మొదటి బడి 1957లో లేచింది. మంచి ఇంజనీర్లు చిన్న ఊరికి రావాలంటే ఊరు బాగుండాలన్న లెక్క అందులో దాగింది కూడా కాదు. కమాను కావాలా వద్దా అని ఊళ్లో ఓటు పెట్టారని నేను చెప్పలేను. దాత అభిరుచి ఊరి అభిరుచి అయిందన్న విమర్శలో నిజముంది. అయినా ఆ కానుక మీద దాత బొమ్మ లేదు. అది ఎవరినీ పొగడదు, దానికి ఏటా దండ వేయనక్కర్లేదు. మన ఊళ్ల గ్రంథాలయాల ముందు ఇనుప కటకటాల మధ్య నిలబడే విగ్రహాలకు ఈ సౌకర్యం లేదు, పాపం. ఇక, పుస్తకాలకే డబ్బు లేనప్పుడు శిల్పాలెందుకన్న ప్రశ్న మన దగ్గర న్యాయమైనదే. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్నును మునిసిపాలిటీలు వసూలు చేసుకుని బకాయి పెట్టేచోట కంచు గురించి మాట్లాడడం ఎబ్బెట్టుగానే ఉంటుంది. కానీ కొలంబస్‌లో మొదట జరిగింది కంచు కొనడం కాదు. బండ్లు తిరిగే నేలను మనుషులకు వదలడం. 2017లో ఎగ్జిబిట్ కొలంబస్ ప్రదర్శన కోసం ఐకేడీ అనే సంస్థ అదే ముంగిట్లో కూర్చుని కబుర్లు చెప్పుకునే చెక్క అరుగులు కట్టింది. కొన్నాళ్లకు తీసేశారు. వాటికోసం మూర్ కమానును కదిలించాల్సిన పని పడలేదు.