చేర్యాల పటం నుంచి స్మార్ట్ తెర దాకా

మన సంఘం స్వర్ణోత్సవ నిధిలో పెద్ద వాటా ప్రాథమిక తరగతుల 'డిజిటల్ గది'కి కేటాయించాలని కార్యవర్గం ఆలోచిస్తున్న సంగతి మీకు తెలిసిందే. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరును కాబట్టి ఏ తెర కొంటే మంచిదో ఈ సంచికకు రాసి ఇమ్మన్నారు. ఆ సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెబుతాను. అంతకంటే ముందు, బొమ్మ చూపించి పాఠం చెప్పడమనే పనికి ఉన్న పాత కథ కొంత చెప్పాలి. డబ్బు దేనిమీద పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఆ కథలోనే ఉందని నా అభిప్రాయం.

స్లైడ్ షో మనకు కంప్యూటరుతో వచ్చింది కాదు. చేర్యాల నకాషీ పటాలు చూసినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. చింతగింజల పిండి, గంజి, సుద్ద పట్టించిన పొడవాటి గుడ్డ మీద వరసగా బొమ్మల గడులు. కథకుడు పటాన్ని చుట్ట విప్పుతూ, ఒక్కో గడి చూపిస్తూ, పాడుతూ కథ చెప్పేవాడు. మందహెచ్చుల వాళ్లు, కాకిపడగల వాళ్లు ఇలా ఊరూరా తిరిగి కుల పురాణాలు వినిపించారు. అక్షరం రాని ముసలమ్మా, పలక పట్టని పిల్లాడూ పక్కపక్కన కూర్చుని చూశారు. గడి మారేది కథకుడు మార్చినప్పుడే. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఐరోపాలో కొమీనియస్ అనే విద్యావేత్త పిల్లల కోసం 'ఆర్బిస్ పిక్టస్' అనే బొమ్మల పుస్తకం వేసింది 1658లో. ఆ మరుసటి ఏడాదే, 1659లో, డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ గాజు పలక మీది బొమ్మను దీపం వెలుగుతో, కటకంతో గోడ మీదికి పంపే లాంతరుకు బొమ్మలు గీసుకున్నాడు. ఏం బొమ్మలనుకున్నారు? తన తల తానే తీసి చేత్తో పట్టుకునే అస్థిపంజరం! హైగెన్స్‌కు తర్వాత దీని మీద చిన్నచూపు కలిగింది. తండ్రి ఆ లాంతరును ఫ్రెంచి రాజదర్బారులో చూపిస్తానంటే, అది పనిచేయకుండా ఒక కటకం తీసేయమని తమ్ముడికి ఉత్తరం రాశాడు. శనిగ్రహపు వలయాన్ని వివరించినవాడు ఇలాంటి ఆటబొమ్మతో పేరు తెచ్చుకోవడం ఇష్టపడలేదు. అదే ఆటబొమ్మ తర్వాతి రెండు వందల ఏళ్లలో ఉపన్యాస మందిరాలకూ, పాఠశాలలకూ చేరింది. మన దేశంలో 1890ల్లో, బొంబాయి దగ్గరి కల్యాణ్‌లో మహాదేవ్ పట్వర్ధన్, ఆయన కొడుకులు గాజు పలకల మీద చేత్తో రంగులు వేసి, పాటతో, మాటతో 'శాంభరిక ఖరోలిక' అనే ప్రదర్శనలు ఇచ్చారు. సినిమా ఇంకా మన దేశానికి రాలేదు.

మన తరానికి మొదటి స్లైడు సినిమా హాల్లోదే. విశ్రాంతి సమయంలో బట్టల కొట్టు, టైలరింగ్ షాపు, 'పొగ త్రాగరాదు'. గాజు మీద చేత్తో రాసిన అక్షరాలు వంకరగా పడేవి. ఎర్ర త్రికోణం పక్కన 'ఇద్దరు లేక ముగ్గురు చాలు' అని వచ్చేది. తల్లిదండ్రులకు తెరమీద కబురు చెప్పడం అన్నమాట అది. చెప్పేవాడు మాత్రం లేడు. చూసినవాళ్లు నవ్వుకుని సోడా తాగడానికి బయటికి పోయేవారు.

మన బడి సైన్సు గదిలో ఒక ఫిల్మ్ స్ట్రిప్ ప్రొజెక్టరు ఉండేదని ఎనభైల ముందు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సినిమా రీలు లాంటిదే, 35 మిల్లీమీటర్ల ఫిల్ము. కానీ కదలని బొమ్మలు, ముప్పయ్యో నలభయ్యో, ఒకదాని కింద ఒకటి. అల్యూమినియం డబ్బాలో చుట్టి ఉండేది. కిటికీలకు గోనెసంచులు కట్టి, తెల్లపంచె గోడకు తగిలించి, సైన్సు మాస్టారు పక్కనున్న మరను వేలితో తిప్పితే తర్వాతి బొమ్మ వచ్చేది. విదేశాల్లో దీనికి గ్రామఫోను రికార్డో, క్యాసెట్టో జతగా ఇచ్చేవారు. బొమ్మ మార్చాల్సిన చోట 'కూ' మని ఒక శబ్దం వచ్చేది. మనకు వచ్చిన వాటిలో రికార్డు లేదు, బొమ్మ కింది మాటలు ఇంగ్లీషులో ఉండేవి. అది లోపమని అప్పట్లో అందరూ అనుకున్నారు. నాకు మాత్రం అదే అదృష్టమనిపిస్తుంది. ఇంగ్లీషు మాకు చదవడం రాదు కాబట్టి కళ్లు బొమ్మ మీదే ఉండేవి, చెవులు మాస్టారి మీద ఉండేవి. గుండెకు నాలుగు గదులు చూపించి, 'మన ఊరి చెరువుకు తూము ఎటు తెరుచుకుంటుందిరా?' అని అడిగి, ఎవడో ఒకడు చెప్పేదాకా బొమ్మ మార్చేవారు కాదు. కవాటం ఒకవైపే తెరుచుకుంటుందన్న సంగతి నేను అలా నేర్చుకున్నాను. తర్వాత డయోడు గురించి చదివినప్పుడు కూడా మొదట గుర్తొచ్చింది ఆ తూమే.

దానికి కాస్త ముందే దేశమంతటికీ మరో పెద్ద ప్రయోగం జరిగింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, నాసావారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి. దాని పేరు సైట్. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆరింటిలో ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదు కేంద్రంలో తయారయ్యాయి. ఊళ్లో మూడు మీటర్ల వెడల్పు జాలీ గొడుగు, దానికి ఒక పెట్టె. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాల చొప్పున. సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. పిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ ఒకే తెర మీద వేరువేరు వేళల్లో చెప్పాలన్న ఆలోచన అక్కడ ఎంతో స్పష్టంగా కనబడుతుంది. ఇంజనీరుగా దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అయితే ఆకాశం నుంచి వచ్చే బొమ్మను ఆపమని అడిగే వీలు ఏ పిల్లాడికీ లేదు, ఏ పంతులుగారికీ లేదు. గడి మార్చే చెయ్యి తరగతి గది దాటి వెళ్లిపోవడం అక్కడ మొదలైంది.

తర్వాతి సంగతులు త్వరగా చెప్తాను. కొడాక్ కంపెనీ 1961లో తెచ్చిన కరోసెల్‌లో గుండ్రటి పళ్లెం ఉండేది. అందులో 80 స్లైడ్లు పట్టేవి. స్లైడు తన బరువుకు తానే కిందికి జారేది. అంతకంటే సరళమైన యంత్రం ఉండదు. 2004లో ఆ కంపెనీ స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీ ఆపేసింది. పవర్‌పాయింట్ 1987లో వచ్చింది, ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకు దాన్ని కొనేసింది. అది మొదట ఆఫీసుల్లో వాడే పారదర్శక పలకలు తయారుచేయడానికి పుట్టింది. పిల్లల కోసం కాదు. పలకకు నాలుగు వాక్యాలు రాసి చదివే అలవాటు ఆఫీసు నుంచే బడికి వచ్చింది. నేనూ ముప్పయ్యేళ్లుగా మీటింగుల్లో అవి చూస్తున్నాను. పెద్దవాళ్లకే నిద్ర వస్తుంది.

రిచర్డ్ మేయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీనిమీద చాలా ప్రయోగాలు చేశాడు. బొమ్మ చూపిస్తూ నోటితో చెబితే బాగా అర్థమవుతుందనీ, అవే మాటలు తెరమీద అక్షరాలుగా కూడా పెడితే నేర్చుకోవడం తగ్గుతుందనీ తేల్చాడు. ఆయన ప్రయోగాలు ఎక్కువగా కాలేజీ విద్యార్థుల మీద జరిగాయి, కాబట్టి ఒకటో తరగతికి అలాగే వర్తిస్తుందని పట్టుబట్టను. కానీ చదవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లకు ఒకేసారి బొమ్మా, గొంతూ, అక్షరాలూ ఇస్తే ఆమె వేటిని వదిలేయాలి?

ఇక తల్లిదండ్రులు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో మూడు వంతుల సభ్యులు వాళ్లే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చట్టం అలా ఉన్నా, మార్కుల కాగితం చేతికిచ్చి సంతకమో వేలిముద్రో తీసుకోవడమే చాలాచోట్ల సమావేశం. గత మూడేళ్లుగా మన బడి ప్రాథమిక తరగతుల టీచరమ్మలతో కలిసి నేనొక చిన్న పని చేస్తున్నాను. రెండు నెలలకోసారి పాతిక బొమ్మలు. పిల్లల నోటుబుక్కు పేజీ జూన్‌లో ఎలా ఉంది, ఆగస్టులో ఎలా ఉంది, మధ్యాహ్న భోజనం పళ్లెంలో ఏముంది, ఎవరు చదువుతున్నారు. దాని వెనక టీచరమ్మ గొంతు, ఫోనులో రికార్డు చేసింది. సాయంత్రం ఆరున్నరకు, కూలి నుంచి వచ్చాక చూపిస్తాం. మొదటిసారి అది ఏడు నిమిషాల్లో అయిపోయింది. వెనకనుంచి ఒక నాయనమ్మ, 'ఆ మా బుడ్డోడి రాత కాసేపు ఉంచండి బాబూ, ఇంకా చూళ్లేదు' అంది. రెండోసారి నుంచి గొంతు రికార్డు తీసేశాం. టీచరమ్మే నిలబడి చెబుతోంది. ఇప్పుడు ముప్పావుగంట పడుతుంది. ఎవరూ లేచి వెళ్లడం లేదు.

తెర సంగతికి వస్తాను. మన రాష్ట్రంలో ప్రభుత్వమే ఎన్నో బడులకు ప్యానెళ్లు, స్మార్ట్ టీవీలు ఇస్తోంది. మనం ఇంకా పెద్దది కొనడంవల్ల ఒరిగేది తక్కువ. మధ్యరకం ప్రొజెక్టరు ఒకటి, కరెంటు పోతే గంటసేపు నిలబెట్టే ఇన్వర్టరు, మంచి నల్ల కర్టెన్లు, టీచరు చేతిలో ఉండే చిన్న రిమోటు చాలు. మిగిలిన డబ్బు బొమ్మల మీద పెట్టాలి. మన చెరువు, మన సంత, మన పంటలు, మన ఊరి పక్షులు తీయించి, టీచర్లు సొంతంగా పాఠం కట్టుకోవడానికి ఏటా వేసవిలో పదిరోజులు గౌరవ వేతనంతో కూర్చోబెట్టాలి. కార్యవర్గంలో దీనికి అందరూ ఒప్పుకోలేదు. ఫలకం మీద పేరు వేయడానికి తెర పనికొస్తుంది, కర్టెన్లు పనికిరావు అన్నారొకరు. అదీ నిజమే. సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చండి.

పాత ఫిల్మ్ స్ట్రిప్పుల డబ్బాలు సైన్సు గది బీరువాలో ఇంకా పదకొండు ఉన్నాయి. నాలుగు వెనిగర్ వాసన కొడుతున్నాయి, అంటే ఫిల్ము పాడైపోతోందన్నమాట. గుండె ఉన్న డబ్బా బాగానే ఉంది. వాటిని స్కాన్ చేయిస్తున్నాను. మీ ఇళ్లలో 1990కి ముందువి మన బడి, చెరువు, బస్టాండు, తిరనాళ్ల ఫొటోలుగానీ నెగెటివులుగానీ ఉంటే, వెనక పెన్సిలుతో ఏడాదీ, అందులోని మనుషుల పేర్లూ రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. కాపీ తీసుకుని అసలు వారంలో తిరిగి ఇచ్చేస్తాం.