ఆచార్యుల ఒడంబడికలు

వారమునకు 16 గంటలు పాఠము చెప్పు కళాశాలోపాధ్యాయునికి నెలజీతమంతయు నెందుల కీయవలయునని యడుగువారు మన యిండ్లలో తఱచుగా కనబడుచుందురు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కూలివాని పనికి కొలత గలదు. గుమాస్తా పనికి వేళ గలదు. చదువు చెప్పువాని పని యెచ్చట మొదలై యెచ్చట ముగియునో తేల్చుట కష్టము. కావున ధనమిచ్చువారు లెక్కకు వచ్చు నంశమునే పట్టుకొని దానిని పత్రమునకెక్కించిరి. లెక్కకు రానిదానిని విడిచిపెట్టిరి. ఆ విడిచిపెట్టిన భాగము చరిత్రలో నెట్టి పాట్లు పడినదో కొంచెము చూతము.

దక్షిణదేశమున 11వ శతాబ్దిలో, మొదటి రాజేంద్రచోళుని కాలమున, ఎన్నాయిరము గ్రామపు దేవాలయములో నొక విద్యాలయ ముండెను. ఆ యూరు నేటి తమిళనాటి విల్లుపురము జిల్లాలోనిది. 340 మంది విద్యార్థులకును 14 మంది యుపాధ్యాయులకును దినమున కింత ధాన్యమని శాసనము విధించినది. అదిగాక, వ్యాకరణమును ప్రాభాకర మీమాంసను జెప్పువారికి అధ్యాయమున కొక కళంజు చొప్పున బంగారము. ఇచ్చట కొలత గంట కాదు, అధ్యాయము. మనిషిని పోషించుటకు ధాన్యము, ముగించిన పనికి బంగారము! ఈ రెంటిని వేఱుచేసి చూచిన శాసనకర్త లోకజ్ఞానము గలవాడనక తప్పదు.

గంటలను లెక్కించు పద్ధతి చూడవలెనన్న ఇటలీ దేశపు బొలోన్యా నగరమునకు పోవలయును. అచ్చట న్యాయశాస్త్రము చదువవచ్చినవారు పసిపిల్లలు కారు. దూరదేశములనుండి వచ్చి, అద్దెయిండ్లలో గాపురముండి, తమ చేతి సొమ్ముతో గురువులను పోషించిన వయోజనులు. వారు సంఘముగా గూడి, తమలో నొకనిని రెక్టరుగా నెన్నుకొని, అతనికి లోబడియుందుమని ఆచార్యులచేతనే ప్రమాణము చేయించిరి. 14వ శతాబ్దిలో వారు వ్రాసికొనిన నిబంధనలను చదివిన నవ్వును వచ్చును, భయమును గలుగును. సెలవు పొందక ఆచార్యు డొక్కదినమైనను మానరాదు. ఊరు విడిచి పోవలసివచ్చిన, మరల వచ్చునట్లు ధరావతు కట్టవలెను. గంట మ్రోగగానే పాఠము మొదలిడవలెను. ముగింపు గంట మ్రోగిన పిమ్మట నొక నిమేషమైనను సాగదీయరాదు. వినుటకు అయిదుగురైనను రాకున్న, ఆనాడు పాఠము చెప్పనట్లే యెంచి జుల్మానా వేయుదురు.

ఇంతకును వారి కోపమునకు కారణము లేకపోలేదు. గ్రంథారంభమున నెలల తరబడి వ్యాఖ్యానించి, కఠినభాగము వచ్చుసరికి సంవత్సరము ముగిసినదనెడి గురువులు అన్ని దేశములందును గలరు. అందుచేత విద్యార్థులు గ్రంథమును భాగములుగా విభజించి, ఏ భాగ మేనాటికి ముగియవలెనో నిర్ణయించిరి. ప్రకరణము దాటవేయుటయు, చిక్కుప్రశ్నను గంట చివరకు నెట్టుటయు దోషములే. ఆచార్యుడు ముందుగా నొక వడ్డీవ్యాపారి యొద్ద సొమ్ము నిలువయుంచవలెను. గడువు తప్పినపుడెల్ల జుల్మానా అందుండి కోయబడును. ధనమిచ్చువాడు విద్యార్థియే యగుటచేత ఇది సాగినది. క్రమముగా నగరమే జీతము లీయసాగగా, ఆచార్యుని కట్టిన త్రాడు కొసయు విద్యార్థుల చేతినుండి నగరాధికారుల చేతికి పోయినది.

ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో మఱియొక చిత్రము జరిగెను. హెన్రీ లూకస్ అను నతడు వీలునామా వ్రాసి యిచ్చిన యాస్తితో గణితాచార్యపీఠ మేర్పడగా, 1663లో దానికి నియమములు వ్రాసిరి. విద్యాకాలమున వారమున కొక యుపన్యాసము; వారమునకు రెండుమాఱులు, మాఱునకు రెండేసి గంటలు, సందేహములతో వచ్చువారికొఱకు తనగదిలో నుండవలెను; ఏటేట పది యుపన్యాసములను శుభ్రముగా వ్రాసి విశ్వవిద్యాలయమునకు సమర్పింపవలెను. 1669లో ఈ పీఠమెక్కినవాడు ఐజాక్ న్యూటన్. అతని పాఠములకు వచ్చువారు మిక్కిలి తక్కువ యనియు, ఒక్కొక్కప్పు డతడు గోడలకే పాఠము చదివెననియు అతని లేఖకుడు పిమ్మట తెలిపెను. బొలోన్యా నిబంధన అచ్చట నుండినచో ఎన్ని జుల్మానాలు కట్టవలసివచ్చెడిదో!

అట్టి దినములలోనే, 1684 మొదలు మూడేండ్లలోపల, అత డాకర్షణశక్తినిగూర్చిన తన మహాగ్రంథమును పూర్తిచేసెను. దానిని వ్రాయుమని యే నియమములోను లేదు. అట్లని నియమములన్నియు వ్యర్థములనుటయు పొరపాటు. వ్రాసి యిమ్మను నిబంధన యుండుటచేతనే అతని బీజగణితోపన్యాసములు నిలిచినవి. 1707లో అవి గ్రంథముగా ముద్రింపబడినవి. ఒడంబడిక వ్రాయువారు గంటను మాత్రమే గాక కాగితమునుగూడ కోరిన మేలు కలుగునని యిందువలన తోచుచున్నది.

మనదేశమున ఒక పత్రము దీనికి భిన్నమైన మార్గము త్రొక్కెను. ఆశుతోష్ ముఖర్జీ కలకత్తా విశ్వవిద్యాలయమునకు చంద్రశేఖర వేంకటరామన్ గారిని పాలిత్ ఆచార్యునిగా పిలిచెను. రామన్ గారు సర్కారు ఆర్థికశాఖలోని పెద్దజీతమును విడిచి 1917లో తక్కువ జీతమునకు వచ్చిరి. పరిశోధనకు భంగము కలుగునట్లు ఎం.ఏ., ఎం.ఎస్సీ. తరగతులకు పాఠములు చెప్ప నక్కఱలేదని విశ్వవిద్యాలయము స్పష్టపఱచెను. అయినను ఆయన పాఠములు చెప్పుట మానలేదు. 1928లో ఆయన కాంతివిషయమున కనిపెట్టినది లోకమెఱుగును. విడిచిపెట్టిన పని సోమరితనమునకే దారితీయునని వాదించువా రీ యొక్క యుదాహరణము నాలోచింపవలెను. అందఱును రామన్లు కారనుమాటయు నాకు తెలియును.

ఇప్పటి లెక్కలకు వత్తము. 2016లో యు.జి.సి. సహాయాచార్యుల బోధనను 16 గంటలనుండి పెంచజూడగా, ఢిల్లీలో ఉపాధ్యాయులు పరీక్షపత్రములు దిద్దుట మానిరి. ప్రభుత్వము వెనుకకు తగ్గెను. పెంచినచో ఎందఱో తాత్కాలికోపాధ్యాయుల పని పోవునన్నదియే వారి ముఖ్యమైన భయము. 2018 నాటి నియమావళి వారమునకు మొత్తము 40 గంటల పనియని చెప్పి, అందు ప్రత్యక్షబోధన సహాయాచార్యులకు 16 గంటలును, పైవారికి 14 గంటలును విధించెను. మొదట చెప్పిన ప్రశ్నకు సమాధాన మిందే యున్నది. మిగిలిన 24 గంటలలో రేపటి పాఠమునకు చదువవలెను, పత్రములు దిద్దవలెను, పరిశోధకుని వ్యాసమును పంక్తి పంక్తిగా చూడవలెను, పరీక్షల పనియు, సంఘముల పనియు చేయవలెను.

ఈ 24 గంటలు బొత్తిగా లేని యుపాధ్యాయులును గలరు. వారు అతిథి యుపన్యాసకులు. పేరు మర్యాదగలదే. 2019లో యు.జి.సి. వారి కొక్క యుపన్యాసమునకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించరాదని నిర్ణయించెను; నెలకు 33 పాఠములతో ఆ మితి ముగియును. వారును మునుపటి రాత్రి చదివియే వత్తురు. వారి పిల్లలును పరీక్షలు వ్రాయుదురు. కాని లెక్క యుపన్యాసమునకే. వేసవిలో కళాశాల మూయగానే ఆ లెక్కయు నిలిచిపోవును.