అణా లెక్క

1688లో మొదలైన చెన్నై కార్పొరేషన్ మన దేశంలోనే మొదటి నగరపాలక సంస్థ. మా ఎన్నూరు ముందు కత్తివాక్కం మునిసిపాలిటీలో ఉండేది. 2011లో అది చెన్నైలో కలిసింది.

ఆ ఏడాది గెలిచిన కౌన్సిలర్ల పదవీకాలం 2016లో అయిపోయింది. ఆ తరువాత అయిదేళ్లకు పైగా ఎన్నికలే జరగలేదు. అధికారులే అంతా చూసుకున్నారు. వీధిలో వాననీళ్లు నిలిస్తే ఎవరింటి తలుపు తట్టాలో తెలిసేది కాదని మా అవ్వ చెప్పేది. చివరికి 2022 ఫిబ్రవరి 19న 200 వార్డులకు ఓట్లు పడ్డాయి. మార్చి 2న కొత్త కౌన్సిలర్లు ప్రమాణం చేశారు. మార్చి 4న ఆర్. ప్రియ గారు మేయరయ్యారు. ఇక్కడ ఆ పదవికి వచ్చిన మొదటి దళిత మహిళ ఆమే.

పదవి దేనికి అని ఆలోచిస్తే నాకు పిట్టి త్యాగరాయ చెట్టి గారు గుర్తొస్తారు. ఆయనది తెలుగు మాట్లాడే నేతవారి కుటుంబం. 1920లో ఆయన కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్నప్పుడు, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలని తీర్మానం చేశారు. ఒక్కొక్కరికి రోజుకు అణా మించకూడదని లెక్క. ఆ ఏడాదే మద్రాసు రాజధాని మొదటి మంత్రి పదవి తన దగ్గరికి వస్తే వద్దన్నారు. అంత పెద్ద పదవి వద్దన్న మనిషి పిల్లల ఆకలిని మాత్రం వదల్లేదు!

ప్రమాణం నిమిషంలో అయిపోతుంది. ఆ అణా లెక్క నూరేళ్లు దాటినా చెప్పుకుంటున్నాం. ఇంకో మూడేళ్లకు నాకూ ఓటు వస్తుంది. అప్పుడు ఓటు అడగడానికి వచ్చినవాళ్లను నేనూ ఒకటి అడుగుతాను: మా వీధికి ఏం లెక్క వేశారు?