నిలువు, అడ్డం, వృత్తం: ఎఫ్.ఎం. యాంటెన్నా మారిన తీరు

టవరు మీద యాంటెన్నా ఆకారం ఎందుకు మారిందో తెలియాలంటే, కింద శ్రోత దగ్గర రేడియో ఎక్కడ ఉండేదో ముందు చూడాలి. ఎఫ్.ఎం. ప్రసారాల చరిత్రలో ఈ రెండూ కలిసే నడిచాయి.

రేడియో తరంగంలో విద్యుత్ క్షేత్రం ఏ దిశలో ఊగుతుందో దాన్ని బట్టి ఆ తరంగపు ధ్రువణాన్ని చెబుతాం. నిలువు కడ్డీ నుంచి వెలువడే తరంగంలో క్షేత్రం పైకీ కిందికీ ఊగుతుంది. అడ్డంగా బిగించిన కడ్డీ నుంచి వచ్చే తరంగంలో పక్కలకు ఊగుతుంది. అందుకునే కడ్డీ కూడా అదే దిశలో ఉంటే సంకేతం బాగా అందుతుంది. ఒకప్పుడు ఇళ్ల మీద కనిపించిన దూరదర్శన్ యాంటెన్నాల పుల్లలు నేలకు సమాంతరంగా ఉండేవి; ప్రసారం అడ్డ ధ్రువణంలో ఉండడమే అందుకు కారణం.

మీడియం వేవ్‌లో ఈ ఎంపిక లేదు. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. అంత పొడవైన తరంగానికి టవరే యాంటెన్నా, అది నిలువుగానే నిలబడుతుంది. ఎఫ్.ఎం.లో 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 మీటర్లే. అందులో సగం, అంటే ఒకటిన్నర మీటరు కడ్డీని ఎటు కావాలంటే అటు తిప్పి బిగించవచ్చు.

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఎఫ్.ఎం. పేటెంట్లు 1933లో లభించాయి. తొలి దశలో అమెరికా అడ్డ ధ్రువణాన్నే ఎంచుకుంది. 1955లో రోతమ్ నుంచి ఎఫ్.ఎం. ప్రసారాలు మొదలుపెట్టిన బీబీసీ కూడా అదే దారిలో నడిచింది. అప్పటి ఎఫ్.ఎం. సెట్టు ఇంట్లో కదలకుండా ఉండేది, దాని యాంటెన్నా ఇంటి కప్పు మీద అడ్డంగా ఉండేది. కాబట్టి ఆ నిర్ణయం తప్పేమీ కాదు. తరవాత రేడియో కారెక్కింది. కారు యాంటెన్నా నిలువు కడ్డీ. పట్టణాల్లో భవనాలకు తగిలి చెదిరిన తరంగం ఎలాగో కొంత అందేది గాని, బయలు ప్రదేశంలో ఆ సాయం తక్కువ. 1960లలో అమెరికా స్టేషన్లు అడ్డ ధ్రువణానికి నిలువు ధ్రువణాన్ని జోడించడం మొదలుపెట్టాయి.

రెండు దిశల్లోనూ ఎలా పంపుతారు? ఒక కడ్డీని అడ్డంగా, మరొకదాన్ని నిలువుగా ఉంచి రెండింటికీ సమాన శక్తినిస్తారు. అయితే ఒకదానికి పావు ఆవృత్తి ఆలస్యంగా, అంటే 90 డిగ్రీల దశాభేదంతో ఇస్తారు. ఒక కడ్డీకి కొంచెం పొడవైన కేబులు వేసినా ఈ ఆలస్యం వస్తుంది. ఒక క్షేత్రం గరిష్ఠంగా ఉన్న క్షణంలో రెండోది సున్నా. రెండూ కలిసిన ఫలిత క్షేత్రం ఊగదు, తిరుగలి పిడిలా గుండ్రంగా తిరుగుతుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర సెకనుకు 10 కోట్ల చుట్లు; తరంగం 3 మీటర్లు సాగేసరికి ఒక చుట్టు. ఇదే వృత్తాకార ధ్రువణం. దశాభేదం లేకుండా రెండింటికీ ఒకేసారి శక్తినిస్తే వచ్చేది ఏటవాలు ధ్రువణమే అని గమనించండి. పరీక్షల్లో తరచూ తడబడే చోటు ఇది.

ఇప్పుడు కారు కడ్డీ నిలువుగా ఉన్నా, పైకప్పు కడ్డీ అడ్డంగా ఉన్నా, జేబులోని ఫోను నుంచి వేలాడే ఇయర్‌ఫోను తీగ ఏ వంకర తిరిగినా కొంత సంకేతం అందుతుంది. ఆ తీగే ఫోనుకు ఎఫ్.ఎం. యాంటెన్నా. దీనికి మూల్యం ఉంది. ఏ దిశలో ఉన్న కడ్డీకైనా తరంగంలోని సగం శక్తే దక్కుతుంది. అడ్డ ధ్రువణంలో 10 కిలోవాట్లు పంపుతున్న స్టేషను ఆ బలం తగ్గకుండా వృత్తాకార ధ్రువణానికి మారాలంటే 20 కిలోవాట్లు కావాలి. శ్రోతకు తప్పిన శ్రమ స్టేషను కరెంటు బిల్లులో చేరుతుంది.

మన దేశంలో ఎఫ్.ఎం. 1977 జులై 23న మద్రాసులో మొదలైంది. ఆ తరవాతి దశాబ్దం రెండో సగం నుంచి ఆదిలాబాద్, కొత్తగూడెం, వరంగల్ వంటి చోట్ల ఆకాశవాణి స్థానిక కేంద్రాలు వచ్చాయి. అయితే ధ్రువణం మారినంత మాత్రాన దూరం తగ్గదు. ఎఫ్.ఎం. తరంగం దాదాపు చూపు మేరకే పోతుంది. టవరు, గ్రాహకాల ఎత్తులను మీటర్లలో తీసుకొని, వాటి వర్గమూలాల మొత్తాన్ని 4.12తో గుణిస్తే ఆ మేర కిలోమీటర్లలో వస్తుంది. 100 మీటర్ల టవరుకు, 4 మీటర్ల ఎత్తున్న పైకప్పు యాంటెన్నాకు అది సుమారు 49 కిలోమీటర్లు. కోదాడ పక్కనున్న అనంతగిరి మండలాన్ని తీసుకోండి (వికారాబాదు కొండలు కావు). విజయవాడ అక్కడికి సుమారు 90 కిలోమీటర్లు, హైదరాబాదు 160కి పైమాటే. ఈ లెక్కన రెండు నగరాల మధ్య ఉన్న ఊరు రెండింటికీ వెలుపలే ఉంటుంది. అక్కడ కావలసింది దగ్గరలో ఇంకో టవరు. 2023 ఏప్రిల్ 28న దేశవ్యాప్తంగా ఒకేసారి 91 చిన్న ట్రాన్స్‌మిటర్లను, ఒక్కొక్కటి 100 వాట్లవి, ప్రారంభించడం వెనక ఉన్న తర్కం ఇదే.

టవరు ఎవరు కట్టవచ్చన్నది మరో ప్రశ్న. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. అయినా గ్రామీణ సంస్థల చేతికి రేడియో రావడానికి మరో పదమూడేళ్లు పట్టింది. 2008 అక్టోబరు 15న అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో మొదలైంది. సామాజిక రేడియోకు సాధారణంగా 100 వాట్ల ప్రసార బలం, 30 మీటర్ల యాంటెన్నా ఎత్తు పరిమితి. ఇంత తక్కువ శక్తిని రెండు ధ్రువణాలకు పంచడం మంచిదా, లేక శ్రోతల్లో ఎక్కువమంది ఫోను తీగలతో, చేతి సెట్లతో వింటారు కాబట్టి మొత్తం నిలువు ధ్రువణానికే ఇవ్వడం మంచిదా? చిన్న స్టేషనుకు రెండోదే మేలని నా అభిప్రాయం. మీ ఊళ్లో రేడియో వినేవారు ఏ సెట్టుతో, ఎక్కడ కూర్చొని వింటున్నారో అడిగి, జవాబు రాయండి.