పెతీత్ ఈస్ట్: మైటోకాండ్రియా డీఎన్ఏ ఉత్పరివర్తనాలు, కణాల పెరుగుదల

రొట్టెలు పొంగించడానికి వాడే ఈస్ట్ శాస్త్రీయనామం శాకరోమైసిస్ సెరవిసియే. దాని మైటోకాండ్రియాలో ఉండే డీఎన్ఏ దెబ్బతిన్నా, పూర్తిగా మాయమైనా కణం చావదు. ఆక్సిజన్‌తో శ్వాసక్రియ జరపలేక, చక్కెరను పులియబెట్టుకుంటూ కాలం వెళ్లదీస్తుంది. ఇలాంటి కణాల నుంచి వచ్చే కాలనీలు మరీ చిన్నవి. వీటికి పెతీత్ అనే ఫ్రెంచి పేరే స్థిరపడిపోయింది.

వీటి కథ పారిస్‌లో మొదలైంది. మాస్కోలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన జన్యుశాస్త్రవేత్త బోరిస్ ఎఫ్రుస్సి, ఆయన సహచరులు 1949లో ఈ పరిశోధనలు ప్రచురించారు. అగార్ పళ్లెంలో నూటికి ఒకటి రెండు కాలనీలు ఎన్నాళ్లు ఉంచినా ఎదిగేవి కావు. వాటి సంతతీ అంతే. పుండ్లకు పూసే అక్రిఫ్లేవిన్ అనే రంగుమందును కాస్త కలిపితే దాదాపు కణాలన్నీ పెతీత్‌లయ్యేవి. కేంద్రకంలోని ఏ ఒక్క జన్యువూ ఇంత సులువుగా, ఇంత మూకుమ్మడిగా మారదు. పెతీత్‌ను మామూలు ఈస్ట్‌తో సంకరం చేస్తే అనుమానం మరింత బలపడింది. మెండెల్ లెక్క ప్రకారం నాలుగు సిద్ధబీజాల్లో రెండు పెతీత్‌లు కావాలి. నాలుగూ మామూలువే వచ్చాయి. లోపం కేంద్రకంలో కాదు, కణద్రవ్యంలో ఉందని ఎఫ్రుస్సి తేల్చారు. మైటోకాండ్రియాలో డీఎన్ఏ ఉందన్న సంగతే తెలియని రోజుల్లో చెప్పిన మాట అది. ఆయన శిష్యుడు పియోటర్ స్లోనిమ్‌స్కి పెతీత్ కణాల్లో సైటోక్రోమ్ ఎ, బి లేవనీ, సి మాత్రం మిగిలే ఉందనీ చూపారు. శ్వాస గొలుసు ఎక్కడ తెగిందో అలా తెలిసింది.

ఆ వారసత్వ పదార్థం ఏమిటో తేలడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. 1964లో వియన్నాలో గాట్‌ఫ్రీడ్ షాట్జ్ బృందం ఈస్ట్ మైటోకాండ్రియాలో డీఎన్ఏను గుర్తించింది. 1966లో మూనొలూ, జాకబ్, స్లోనిమ్‌స్కి పెతీత్‌లలో ఆ డీఎన్ఏ సాంద్రతే మారిపోయిందని నిరూపించారు. కొన్నింటిలో చిన్న ముక్క ఒకటి మిగిలి, అదే పదేపదే పునరావృతమై ఉంటుంది. వీటిని రో మైనస్ అంటారు. అసలేమీ మిగలనివి రో సున్నా.

పెరుగుదల మీద ప్రభావం ఆహారాన్ని బట్టి మారుతుంది. గ్లూకోజ్ పుష్కలంగా ఉన్నప్పుడు మామూలు ఈస్ట్ కూడా ప్రధానంగా పులియబెట్టే పద్ధతినే వాడుతుంది కాబట్టి మొదట్లో తేడా మరీ పెద్దది కాదు. గ్లూకోజ్ అయిపోయాక మామూలు కణాలు తాము తయారు చేసిన ఆల్కహాల్‌నే తిని ఎదుగుతాయి; పెతీత్‌లు అక్కడే ఆగిపోతాయి. కాలనీ చిన్నదిగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. గ్లిజరాల్ ఒక్కటే ఆహారంగా ఉన్న పళ్లెంలో అవి అసలు మొలవవు. ప్రయోగశాలల్లో టెట్రజోలియం ద్రావణం పోసి కూడా వీటిని పట్టుకుంటారు: శ్వాసించే కాలనీలు ఎర్రబడతాయి, పెతీత్‌లు తెల్లగానే ఉంటాయి.

అయితే నష్టమంతా శక్తి కొరతే అనుకుంటే పొరపాటు. మైటోకాండ్రియా పొరకు ఇరువైపులా ఉండే విద్యుత్ వ్యత్యాసం తగ్గితే, ఇనుము-గంధక గుచ్ఛాల తయారీ కుంటుపడుతుంది. కేంద్రక డీఎన్ఏ సంరక్షణకు కావలసిన కొన్ని ఎంజైములకు ఈ గుచ్ఛాలు అవసరం. మైటోకాండ్రియా డీఎన్ఏ పోయిన కణాల్లో పెరుగుదల మందగించడమే కాక కేంద్రక జన్యుపదార్థం కూడా అస్థిరమవుతుందని 2009లో అమెరికాలో గాట్‌ష్లింగ్ బృందం చూపింది. అన్ని ఈస్ట్‌లకూ ఈ మాత్రం ఓర్పు లేదు. క్లూయివెరోమైసిస్ లాక్టిస్ మామూలుగా ఈ డీఎన్ఏ లేకుండా బతకదు.

సెరవిసియే మైటోకాండ్రియా డీఎన్ఏ పూర్తి క్రమం 1998లో వెలువడింది. దాని పొడవు సుమారు 85,800 క్షార జతలు; మనిషిది 16,569 మాత్రమే. ఇంత పొడవున్నా ప్రొటీన్ల జన్యువులు తక్కువే, మధ్యలో ఎ-టి జతలతో నిండిన ఖాళీ జాగాలే ఎక్కువ. ఈ డీఎన్ఏకు నకళ్లు తీసే ఎంజైము జన్యువు ఎంఐపీ1 కేంద్రకంలో ఉంటుంది. మనిషిలో దానికి సాటి అయిన పోల్‌జీ జన్యువులో లోపాలు తీవ్ర వ్యాధులు తెస్తాయి. అందుకే రోగుల్లో కనిపించిన మార్పులను ఈస్ట్‌లో పెట్టి, ఎన్ని పెతీత్‌లు వచ్చాయో లెక్కిస్తారు. ఈ లెక్కలో ఒక చిక్కుంది. ఎక్కువ మంది వాడే ఎస్288సి అనే ప్రామాణిక రకంలో ఎంఐపీ1 రూపమే బలహీనమైనది. దాంట్లో పెతీత్‌లు వాటంతటవే ఎక్కువగా పుడతాయి. కనుక ఒక రకంలో వచ్చిన అంకెను మరో రకంలోని అంకెతో నేరుగా పోల్చరు.